పాలు తాగిన గుడ్డ, పాలిష్ పట్టిన రేకు

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక పెద్దాయన వసారాలో కూర్చుని ఒకసారి చిలిపి పని చేశాను. ఆయన లోపలికి వెళ్ళింది చూసి, ఆయన వెదురు కలాన్ని నల్లరంగులో ముంచి, నా జేబులోని కొత్త చేతిరుమాలు మీద గీత గీశాను. గీత గీసినచోట నిలవలేదు. నూలుపోగుల వెంట పాకి గొంగళిపురుగులా బొచ్చు తేలింది. రంగు కూడా నలుపు కాదు, కడిగిన తుప్పులా పాలిపోయి ఉంది. అదే కలంతో, అదే రంగుతో ఆయన గీసిన శివుడి జట మాత్రం పక్కనే వెంట్రుకకు వెంట్రుక విడిగా, కాటుకలా మెరుస్తోంది.

ఆయన తిరిగొచ్చి రుమాలు చూసి నవ్వాడు. "గుడ్డ పాలు తాగినాకనే కలం పట్టాల అబ్బయా. తాగని గుడ్డ మీద ఎంత గొప్పోడు గీసినా అది గీత కాదు, మరక."

పాలు తాగడమన్నది మాటవరసకు అన్న మాట కాదు. ముతక నూలు గుడ్డను గంజి పోయేదాకా ఉతుకుతారు. కరక్కాయ కలిపిన ఎనుము పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. కలం పట్టేది ఆ తర్వాతే. పాలలోని కొవ్వు పోగుల మధ్య సందులను మూసేస్తుంది, అందుకే రంగు పక్కకు పాకదు. కరక్కాయలోని వగరు, రంగులోని ఇనుముతో కలిసి అక్కడికక్కడే నల్లబడుతుంది. ఆ రంగు మరేదో కాదు, తుప్పు ఇనుమును, తాటిబెల్లాన్ని నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవం. దాని నలుపులో సగం వాటా గుడ్డదే.

చాలా ఏళ్ళ తర్వాత అతివాహక తీగల గురించి చదువుతుంటే ఆ రుమాలు గుర్తొచ్చింది. శూన్యపు గదుల్లో, అయాన్ పుంజాల కింద తయారయ్యే ఆ తీగల భవిష్యత్తు కూడా చాలావరకు పైపూత పడకముందే తేలిపోతుంది. పైన వేసే పదార్థం దాదాపు అందరిదీ ఒకటే. కింది రేకును ఎలా తయారుచేశారన్న దగ్గరే తేడా వస్తుంది.

సాగని పెంకుతో తీగ

ఎండాకాలం బోరు మోటారు గంటసేపు నడిచాక వైరు తొడుగు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. మనం డబ్బు కట్టిన కరెంటులో కొంత అలా వేడిగా గాలిలో కలిసిపోతోందన్నమాట. రాగి ఎంత మంచి వాహకమైనా దానికి కొంత నిరోధం ఉంటుంది. కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే ఆ నిరోధం పూర్తిగా మాయమవుతుంది. వాటినే అతివాహకాలు అంటారు. 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ పాదరసంలో దీన్ని మొదట చూశాడు. అయితే అందుకు దాన్ని మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరచాల్సి వచ్చింది. ఆసుపత్రుల్లోని ఎంఆర్ఐ యంత్రాల అయస్కాంతాలను నేటికీ ఆ చలిలోనే, ద్రవ హీలియంలో ఉంచుతారు. హీలియం ఖరీదైనది, దొరకడమూ కష్టమే.

1986లో జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బెడ్‌నార్జ్, ముల్లర్ అనే ఇద్దరు ఒక రకం పింగాణీలో అతివాహకత కనిపెట్టారు. లోహం కూడా కాని పదార్థం! మరుసటి ఏడే వాళ్ళకు నోబెల్ వచ్చింది. 1987లోనే అమెరికాలో పాల్ చూ, ఎం.కె. వూ బృందాలు ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థం మైనస్ 180 డిగ్రీల దగ్గరే అతివాహకంగా మారుతుందని చూపించాయి. ఈ అంకె ఎందుకంత ముఖ్యమో చిత్తూరు జిల్లా పాడిరైతులకు సులభంగా తెలుస్తుంది. ఎనుము ఎదకొచ్చిందని కబురు పెడితే గోపాలమిత్ర బండి మీద ఒక క్యాను తెస్తాడు కదా, మూత తీయగానే తెల్లటి పొగ కక్కే క్యాను! వీర్యం స్ట్రాలను దాచే ఆ క్యానులో ఉండేది ద్రవ నత్రజని. దాని చలి మైనస్ 196 డిగ్రీలు. అంటే హీలియం అవసరం లేకుండా, పల్లెటూరి పశువైద్యం దాకా చేరిన చవక ద్రవంతోనే పని జరిగిపోతుంది.

చిక్కల్లా పదార్థం దగ్గరే వచ్చింది. అది పెంకులాంటిది. రాగిలా సాగదు, వంచితే పుటుక్కున విరుగుతుంది. ఇంటి పైకప్పు పెంకును లాగి తీగ తీయమంటే ఎవరు తీస్తారు? అందుకని దారి మార్చారు. బలంగా ఉంటూ వంగే ఒక లోహపు రేకును పొడుగాటి టేపులా తీసుకుని, దాని మీద ఈ పెంకును ఒకటి రెండు మైక్రాన్ల మందాన పూతలా పరిచారు. అంత పలుచన అయితే పెంకైనా కొంతవరకు రేకుతోపాటు వంగుతుంది.

ఆ పూత సత్తా ఎంతో ఒక లెక్కలో చూద్దాం. 4 మిల్లీమీటర్ల వెడల్పు టేపు ద్రవ నత్రజనిలో సుమారు 100 ఆంపియర్లు మోస్తుంది. మన ఇళ్ళల్లో ఎలక్ట్రీషియన్లు ఒకటిన్నర వైరు అనే రాగితీగ, అంటే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత ఉన్నది, పదిహేను ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. టేపులో కరెంటు మోసే పూత అడ్డుకోత అందులో నూట ఎనభయ్యో వంతు కూడా ఉండదు. ఇంత పలుచటి దారిలో అంత కరెంటు పోవాలంటే దారి నున్నగా, ఎక్కడా తెగకుండా ఉండాలి.

గేజి మారితే బండి దిగాల్సిందే

మొదట్లో వేసిన పూతలన్నీ నిరాశపరిచాయి. విడిగా పెంచిన ఒక్క స్ఫటికం బ్రహ్మాండంగా కరెంటు మోసేది. అదే పదార్థం రేకు మీద పూతగా వేస్తే అందులో వందో వంతు కూడా మోసేది కాదు. కారణం 1988లో తేలింది. ఐబీఎంలో డైమోస్, ప్రవీణ్ చౌధరి, వాళ్ళ సహచరులు రెండు స్ఫటికాలను కావాలనే కొద్దికొద్దిగా పక్కకు తిప్పి అతికించి చూశారు. ఈ చౌధరి లుధియానాలో పుట్టి ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివినవాడు. రెండు స్ఫటికాల దిశల మధ్య కోణం నాలుగైదు డిగ్రీలు దాటితే చాలు, అతుకు దగ్గర కరెంటు పడిపోవడం మొదలవుతుంది. తేడా పది డిగ్రీలయ్యేసరికి సుమారు పదో వంతుకు వచ్చేస్తుంది. ఆపైన ఇంకా దిగిపోతుంది.

పాకాల నుంచి ధర్మవరం దాకా మీటరు గేజి ఉన్న రోజులు తెలిసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. బ్రాడ్‌గేజి బండిలో ఎంత వేగంగా వచ్చినా గేజి మారే స్టేషనులో మూటాముల్లె దించుకుని ఇంకో బండి ఎక్కాల్సిందే. స్ఫటికాల సరిహద్దు దగ్గరా అంతే. ఈ పదార్థంలో రాగి, ఆక్సిజన్ పరమాణువులు పుస్తకంలో కాగితాల్లా పొరలుపొరలుగా అమరి ఉంటాయి. కరెంటు ఆ కాగితాల వెంట పోతుంది. పక్క స్ఫటికంలో కాగితాలు వేరే దిక్కుకు తిరిగి ఉంటే అడుగు సాగదు.

కాబట్టి కిలోమీటరు టేపులో కోట్లకు కోట్లు ఉండే స్ఫటికాలన్నీ కాగితాలను పైకి చూపిస్తూ పడుకోవాలి. అంతటితో సరిపోదు. పడుకున్నాక తలలన్నీ ఒకే దిక్కున ఉండాలి. ఇన్నిటిని ఒక్కోదాన్నీ పట్టుకుని సర్దడం ఎవరివల్లా కాదు. వాటంతటవే సర్దుకునేలా చెయ్యాలి.

దీనికి ప్రకృతిలో ఒక మంచి అలవాటుంది. సంక్రాంతి ముగ్గు సంగతి చూడండి. ముందు చుక్కలు పెడతారు. చుక్కల వరుస తిన్నగా ఉంటే చెయ్యి తిరగకపోయినా ముగ్గు తిన్నగానే వస్తుంది. వరుస వంకరైతే ఎంత నేర్పరి కలిపినా వంకరే. వేడిగా ఉన్న ఉపరితలం మీద వాలే పరమాణువులు కూడా కిందనున్న పరమాణువుల చుక్కలను చూసి వాటి ప్రకారమే కూర్చుంటాయి. దీన్ని శాస్త్రజ్ఞులు ఎపిటాక్సీ అంటారు. కింద చుక్కలు సరిగా పెడితే పైన ముగ్గు దానంతటదే పడుతుంది.

చుక్కలు పెట్టేదెలా

రెండు దారులున్నాయి. రెండూ తెలివైనవే, కానీ రెండింటి గుణాలు వేరు.

ఒకటి అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో అమిత్ గోయల్ బృందం 1996లో చూపించింది. నికెల్ కడ్డీని రోలర్ల మధ్య మళ్ళీమళ్ళీ నొక్కి, మందం నూటికి 95 వంతులకు పైగా తగ్గించి, తర్వాత కొలిమిలో కాలుస్తారు. నలిగి కకావికలైన లోహం ఆ వేడిలో తిరిగి స్ఫటికాలు కట్టేటప్పుడు ఘనాలన్నీ దాదాపు ఒకే దిక్కున అమరుతాయి. ఇక్కడ చుక్కలు రేకులోనే ఉంటాయి.

రెండోది జపాన్‌లోని ఫుజికురా కంపెనీలో ఈజిమా బృందం 1990ల మొదట్లో మొదలుపెట్టిన పద్ధతి. ఇందులో రేకుకు ఏ దిశా ఉండక్కర్లేదు. హాస్టెలాయ్ అనే గట్టి నికెల్ మిశ్రలోహం తీసుకుంటారు. దాని మీద ఒక ఆక్సైడును పూతగా వేస్తూనే ఏటవాలుగా అయాన్ పుంజాన్ని కొడతారు. దీన్ని కళ్ళంలో తూర్పారబట్టడంతో పోల్చుకోవచ్చు. గాలికి ఎదురు నిలవలేని పొట్టు ఎగిరిపోతుంది, గింజ కింద పడుతుంది. అలాగే అయాన్ల తాకిడికి వాలు సరిగాలేని స్ఫటికాలు చెరిగిపోతాయి, సరైన దిశలో ఉన్నవి బతికి పెరుగుతాయి. ఫుజికురా వాడిన జిర్కోనియా దారికి రావాలంటే మైక్రాను దాకా మందం వెయ్యాల్సి వచ్చేది. గంటలు పట్టేది. 1997లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మెగ్నీషియం ఆక్సైడుతో ఇదే పని 10 నానోమీటర్లలోనే అయిపోతుందని చూపించారు. మందం వందో వంతుకు తగ్గింది, సమయమూ అంతే తగ్గింది.

ఇక్కడే మన కథ మలుపు తిరుగుతుంది. మైక్రాను మందం పూత కింది చిన్నచిన్న గుంతలను కప్పిపుచ్చగలదు. 10 నానోమీటర్ల పూతకు ఆ అవకాశం లేదు. మొదటి కొన్ని నానోమీటర్లలోనే దిశ నేర్చుకోవాలి. ఆ కాస్త జాగాలో కింద గుట్ట ఉంటే దాని వాలు మీద స్ఫటికం వాలుగా కూర్చుంటుంది. గుంత ఉంటే గట్టు నీడలోకి అయాన్ పుంజం చేరనే చేరదు. పని చవకైన కొద్దీ రేకు మరింత నున్నగా ఉండాల్సి వచ్చింది.

[బాక్సు] టేపును అడ్డంగా కోస్తే

అన్నిటికంటే అడుగున హాస్టెలాయ్ రేకు ఉంటుంది. మందం 50 మైక్రాన్లు, అంటే సన్నని తలవెంట్రుకంత. దాని మీద అల్యూమినియం ఆక్సైడు గోడ, 80 నానోమీటర్ల మేర. రేకులోని నికెల్ పైకి పాకకుండా ఇది ఆపుతుంది. ఆ గోడ మీద 10 నానోమీటర్లలోపు ఇట్రియం ఆక్సైడు, దాని మీద అయాన్లతో దిశ నేర్చిన మెగ్నీషియం ఆక్సైడు ఇంకో 10. దాన్ని కాస్త బలపరచడానికి అదే పదార్థం మరికొంత. ఆపైన అతివాహకానికి నచ్చే కొలతలో లాంథనం మాంగనీస్ ఆక్సైడు. అప్పుడు వస్తుంది అసలు పూత, ఒకటి నుంచి రెండు మైక్రాన్లు. దాని మీద వెండి, చుట్టూ రాగి తొడుగు. మందంలో సింహభాగం అడుగు రేకుదీ, పైన రాగిదీ. కరెంటు మోసేది మధ్యలో ఉన్న ఆ రెండు మైక్రాన్ల లోపు పొరే. కంపెనీని బట్టి పొరలు, మందాలు కొంత మారుతుంటాయి.

తిరుపతి నుంచి రేణిగుంట దాటేంత రోడ్డు

నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు అని చెప్తే ఎవరికీ ఏమీ తెలీదు. టేపును 10 లక్షల రెట్లు పెంచి చూద్దాం.

12 మిల్లీమీటర్ల టేపు 12 కిలోమీటర్ల వెడల్పు రోడ్డవుతుంది. ఒక అంచు తిరుపతిలో ఉంటే రెండోది రేణిగుంట దాటి ఉంటుంది. కిలోమీటరు పొడవు టేపైతే ఆ రోడ్డు చంద్రుణ్ణి దాటి ఇంకా అంతకు మించిన దూరం పోతుంది. రేకు మందం 50 మీటర్లు. పైన వేసే అతివాహకం మీటరు మందం తారు. దానికి దిశ చెప్పాల్సిన మెగ్నీషియం ఆక్సైడు మాత్రం ఒక్క సెంటీమీటరు. ఇప్పుడు ఈ రోడ్డు మీద ఎక్కడైనా 5 మీటర్ల చదరాన్ని ఎంచుకుని చూస్తే ఎగుడుదిగుడు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకూడదు. మన మునిసిపాలిటీ కాంట్రాక్టర్లకు ఈ టెండరు ఇవ్వలేం.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రేకు ఇందుకు చాలా దూరంలో ఉంటుంది. రోలర్లు వదిలిన గీతలు ఈ కొలతలో జానా, మూరా లోతు కాలువలు. మిశ్రలోహంలో దాగిన గట్టి కార్బైడు రేణువులు బండరాళ్ళు. గాలిలోంచి వాలిన ధూళికణం రెండంతస్తుల మేడంత. రోలింగు నూనె చార చెరువంత.

ఒక్కో లోపానికి ఒక్కో రకం చెరుపు ఉంది. కాలువలూ గుట్టలూ స్ఫటికాల దిశను చెడగొడతాయి. ధూళి రాలిపోతే దాని కింద పూత పడని చిల్లు మిగులుతుంది. ఆ తర్వాత అతివాహకాన్ని పరిచేటప్పుడు రేకును 700, 800 డిగ్రీల వేడిలో పెడతారు. ఆ వేడికి చిల్లులోంచి నికెల్ పైకి పాకి అతివాహకాన్ని విషంలా పాడుచేస్తుంది. నూనె ఉన్నచోట పూత అంటుకోదు, తర్వాత ఎప్పుడో పొలుసులా లేస్తుంది. వీటిలో ఏదైనా కిలోమీటరులో ఒక్కచోట జరిగితే చాలు. టేపు ఒంటిదారి రోడ్డు, పక్కసందు లేదు. మూసుకుపోయిన జాగాలో కరెంటు ఇరుక్కుని వేడెక్కుతుంది. వేడెక్కితే అతివాహకత పోతుంది, అది పోతే ఇంకా వేడెక్కుతుంది. చివరికి ఆ మచ్చ దగ్గర టేపు కాలిపోతుంది.

నున్నగా చేయడంలో రెండు విద్యలు

కుప్పం వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో బండకు పాలిష్ పట్టడం చూసే ఉంటారు. ముందు గరుకు రాయి, తర్వాత సన్నం, ఆ తర్వాత ఇంకా సన్నం, పైనుంచి నీళ్ళు. రేకును కూడా అలా రుద్దవచ్చు. కాకపోతే ఎంత సన్నగా రుద్దినా రుద్దుడు గీత ఒకటి మిగులుతుంది. పైగా అది కిలోమీటరు పొడవు, వెంట్రుకంత మందం.

అందుకే రుద్దకుండా కరిగించే విద్య పట్టారు. రేకును ఆమ్లంలోంచి నడిపిస్తూ కరెంటు పెడతారు. మన ఊళ్ళలో వెండి పూత పట్టించే తొట్టి గుర్తు తెచ్చుకోండి. అక్కడ లోహం వచ్చి అంటుకుంటుంది, ఇక్కడ లోహం ఊడి ఆమ్లంలో కలుస్తుంది. ఊడిన లోహంతో రేకును ఆనుకుని చిక్కటి ద్రవపు పొర ఒకటి ఏర్పడుతుంది. గుంతల్లో ఆ పొర మందంగా నిలుస్తుంది, గుట్టల తలల మీద పలుచగా ఉంటుంది. పలుచగా ఉన్నచోట లోహం త్వరగా కరుగుతుంది. ఎత్తులు అరిగి పల్లాలకు సమానమవుతాయి. పదుల నానోమీటర్ల ఎగుడుదిగుడు ఒక నానోమీటరు దగ్గరికి వస్తుంది. అయితే లోహంలోని గట్టి రేణువులు లోహంతో సమానంగా కరగవు. కొన్ని తలెత్తి నిలబడతాయి, కొన్ని ఊడి గుంట మిగులుస్తాయి. ఆమ్లాన్ని పారబోయడం ఇంకో తలనొప్పి.

రెండో విద్య చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అది అచ్చం మన పెయింటర్లు గోడకు పెట్టే లప్పం. ఎత్తును చెక్కడం మాని పల్లాన్ని నింపడమన్నమాట. అమెరికాలోని లాస్ అలమోస్, సాండియా ప్రయోగశాలల వాళ్ళు దీన్ని బాగా సానబట్టారు. ఇట్రియం లాంటి లోహాల లవణాలు కరిగిన ద్రవంలో రేకును ముంచి తీస్తారు. ద్రవం కాబట్టి పైభాగం తనంతట తానే సమంగా నిలుస్తుంది. వేడిచేస్తే ద్రవం పోయి ఆక్సైడు మిగులుతుంది.

ఒక్క పూతతో ఎందుకు సరిపోదు? ఇంట్లో లప్పం పెట్టించినవాళ్ళకు తెలుసు. తడిగా ఉన్నప్పుడు గుంట నిండినట్టే ఉంటుంది, ఆరాక మళ్ళీ కుంగి కనిపిస్తుంది. పదార్థం ఆరితే అయిదో వంతు మిగులుతుందనుకుందాం. 10 అంగుళాల గుంట మొదటి పూతకు 8 అంగుళాలవుతుంది. రెండో పూతకు ఆరున్నర లోపు. మూడోదానికి అయిదు చిల్లర. పది పూతలయ్యేసరికి అంగుళం చిల్లర. ఇరవైకి అంగుళంలో పదో వంతు. అందుకే ఈ పద్ధతిలో పది నుంచి ముప్పై పూతల దాకా వేస్తారు. ఖరీదైన పాలిష్ రేకు అక్కర్లేదు, మామూలు రేకుతో మొదలుపెట్టవచ్చు. పైగా ఆ ఆక్సైడు పొరే నికెల్ పైకి పాకకుండా గోడగా కూడా పనికొస్తుంది. లప్పమే తడికట్టుగా మారడం మేస్త్రీలకు దొరకని లాభం.

శుభ్రం వేరు, సిద్ధం వేరు

ఇక్కడిదాకా చదివితే రేకు అద్దంలా మెరిస్తే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఓక్‌రిడ్జ్‌వాళ్ళ నికెల్ రేకు కథ ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది.

నికెల్ రేకు మీద మొదటి ఆక్సైడు పూత ఒక్కోసారి చక్కగా ఒకే దిక్కున పెరిగేది, ఒక్కోసారి చెదిరిపోయేది. నున్నదనంలో తేడా లేదు. శుభ్రతలో కూడా తేడా కనిపించలేదు. చివరికి దొంగ దొరికింది. దొంగ అనడం అన్యాయం, నిజానికి ఆపద్బాంధవుడు. గంధకం! నికెల్‌లో ఎప్పుడూ అతి కొద్దిగా గంధకం ఉంటుంది. రేకును కాల్చేటప్పుడు అది లోపలినుంచి పైకి తేలి, ఒక్క పరమాణువు మందాన పరుచుకుంటుంది. చదరంగం బల్ల మీద నల్ల గళ్ళలోనే పావులు పెట్టి తెల్ల గళ్ళు వదిలేసినట్టు, గడి విడిచి గడిలో కూర్చుంటుంది. ఆ అమరిక నిండుగా ఉన్న రేకు మీద ఆక్సైడు సరైన దిక్కున మొలకెత్తుతుంది. గళ్ళు కొన్ని ఖాళీగా ఉంటే చెదిరిపోతుంది. రహస్యం తెలిశాక, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు వాయువును లేశమాత్రంగా వదిలి ఆ గళ్ళను కావాలనే నింపడం మొదలుపెట్టారు.

శ్రీకాళహస్తి పెద్దాయనకు ఈ సంగతి చెప్తే ఆశ్చర్యపోడనే అనుకుంటాను. ఉతికి ఆరేసిన నా చేతిరుమాలు శుభ్రంగానే ఉండింది. దానికి కరక్కాయ పట్టలేదు, అంతే.

ప్రయోగశాలల్లో టేపు బదులు చిన్న స్ఫటికపు పలకల మీద ఇదే అతివాహకాన్ని పెంచేటప్పుడు ఈ నిష్ఠ ఇంకా ముదురుతుంది. ఎక్కువగా వాడే స్ట్రాన్షియం టైటనేటు పలకలో రెండు రకాల పరమాణు పొరలు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. పైకి ఏ రకం కనిపిస్తే పూత దాన్నిబట్టి మొదలవుతుంది. రెండూ కలగాపులగంగా ఉంటే మొదటి వరుసలోనే తడబాటు. 1994లో జపాన్‌కు చెందిన కవసాకి బృందం ఒక ఆమ్లంతో ఒక రకాన్ని మాత్రమే కరిగించి, పలకంతా రెండో రకమే పైకి ఉండేలా చేసింది. అప్పుడా ఉపరితలం ఎలా ఉంటుందంటే, అచ్చం మెట్లదారి. పలకను ఎంత తిన్నగా కోసినా పిసరంత వాలు మిగులుతుంది. ఆ వాలు మెట్లుగా మారుతుంది. ఒక్కో మెట్టు ఎత్తు 0.39 నానోమీటర్లు, మెట్టుకూ మెట్టుకూ మధ్య చదునైన విశాలమైన జాగా.

అలిపిరి నుంచి కొండెక్కేవాళ్ళు ఎక్కడ కూలబడతారో గమనించారా? మెట్టు నడిమధ్యలో ఎవరూ కూర్చోరు. వెనక మెట్టుకు వీపు ఆనించి కూర్చుంటారు. పరమాణువులు కూడా చదునుమీద వాలి, అటూ ఇటూ తిరిగి, మెట్టు మూల దొరకగానే దానికి ఆనుకుంటాయి. అలా ఒక్కో మెట్టూ ముందుకు జరుగుతూ పూత వరుసలు వరుసలుగా పెరుగుతుంది. అలిపిరిలో మెట్లు 3,550. ఈ కొలతలో అన్ని మెట్లు ఎక్కినా ఎత్తు మైక్రాను మీద కాస్త.

తిరుపతిలో గాజు పలక

శేషాచలం పాదాల దగ్గర 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగానికి పలుచటి పొరలంటే పాత చుట్టరికం. పి. జయరామరెడ్డి బృందం సౌరఘటాల పొరల మీద పనిచేసింది. కె.టి. రామకృష్ణారెడ్డి చవకగా దొరికే తగరం, గంధకంతో సౌరఘటాలకు పొరలు పెంచారు. అక్కడినుంచి వచ్చిన పరిశోధనా పత్రాల శీర్షికలు తిరగేస్తే ఒక మాట పదేపదే కనిపిస్తుంది. ఆధారపు పలక ఉష్ణోగ్రత మారిస్తే పొర ఎలా మారింది, పలకకు పెట్టిన వోల్టేజి మారిస్తే ఎలా మారింది. పొర మీద పరిశోధన అంటారుగానీ, ప్రశ్నలన్నీ అడిగేది అడుగునున్న పలకనే. అవి అతివాహక టేపులు కావు. అయినా టేపు చేసేవాడు అడిగే ప్రశ్నా అదే.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వి. శేషుబాయి బృందం ఇదే అతివాహకాన్ని టేపులుగా కాక దిమ్మెలుగా పెంచింది. దిమ్మెల పద్ధతిలో దిశ చెప్పే చిన్న విత్తన స్ఫటికాన్ని నెత్తిన పెడతారు. చుక్కలు అడుగున కాక పైన పెట్టినట్టు.

పలుచటి పొరల ప్రయోగశాలలో చేరినవాళ్ళకు మొదట అప్పగించే పని గాజు పలకలు కడగడం. సబ్బునీళ్ళు, ఆమ్లం, స్వేదనజలం, అసిటోన్, ఆపైన శబ్దతరంగాల తొట్టి. కడిగిన పలక మీద నోటితో ఊదితే ఆవిరి సమంగా పరుచుకోవాలి. ఎక్కడైనా మచ్చలా విరిగిందంటే జిడ్డు మిగిలిందని అర్థం. ఎమ్మెస్సీ రోజుల్లో నాకు అది చాకిరీ అనిపించేది. ఒకరోజు ఆలస్యమైందని తొందరలో ఒక పలకను బొటనవేలితో పట్టుకుని యంత్రంలో పెట్టేశాను. నాలుగు గంటల తర్వాత బయటికి తీస్తే వెండిలా మెరిసే పొర మధ్యలో నా వేలిముద్ర అచ్చు గుద్దినట్టు స్పష్టంగా ఉంది. గోటితో తాకితే ఆ మేరకు పొర ఉల్లిపొరలా ఊడొచ్చింది. మా మాస్టారు ఒక్క మాట కూడా అనలేదు. ఆ పలకను నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. రెండేళ్ళు అక్కడే ఉంది.

రీలు మీద అంకె

2021 సెప్టెంబరులో అమెరికాలో ఎంఐటీ, కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ కలిసి నక్షత్రాల్లో జరిగే కేంద్రక సంలీనాన్ని భూమ్మీద బంధించడానికి పనికొచ్చే అయస్కాంతాన్ని పరీక్షించాయి. అది 20 టెస్లాల బలాన్ని అందుకుంది. ఆసుపత్రిలో మామూలుగా చూసే ఎంఆర్ఐ బలం ఒకటిన్నర నుంచి మూడు టెస్లాలు. ఆ ఒక్క అయస్కాంతంలో చుట్టిన అతివాహక టేపు 267 కిలోమీటర్లు. తిరుపతి నుంచి బెంగళూరు వెళ్ళినా అంత దూరం ఉండదు. ఆ పొడవంతా ఒకటి రెండు నానోమీటర్ల నున్నదనం నిలవాలి.

టేపు ధర ఇంకా దిగాల్సి ఉంది. వాడే ముడిపదార్థం ఖరీదు అందులో పెద్ద భాగం కాదు. శూన్యపు గదులు, పొర మీద పొర, పాడైపోయి కోసి పారేసిన ముక్కలు, వీటి ఖర్చే ఎక్కువ. రేకు తయారీలో మిగిలిన ఒక్క గీత, పది పొరలు వేశాక, వెండి రాగి చుట్టాక, చివరి పరీక్షలో బయటపడుతుంది. అప్పటికి పెట్టాల్సిన ఖర్చంతా పెట్టేసి ఉంటారు.

ఆ చివరి పరీక్షలో టేపును ద్రవ నత్రజనిలోంచి నడిపిస్తూ మీటరు మీటరుకూ ఎంత కరెంటు మోయగలదో కొలుస్తారు. గీసిన రేఖ వంద మీటర్లు తిన్నగా పోయి ఒకచోట పల్లంలోకి దిగి మళ్ళీ లేస్తుంది. కొనేవాళ్ళకు హామీ ఇచ్చి రీలు మీద రాసే అంకె ఆ వంద మీటర్ల సగటు కాదు, ఆ పల్లం అడుగు.